ఇక్కుమా చేతులు

మా అన్న ఇక్కుమాకి మొన్ననే ఇరవై తొమ్మిదేళ్ళు నిండాయి. నాకు అరవై ఆరు. ఇందులో వింతేమీ లేదు. మా అన్న గుండె ఆగి పోయిన పదకొండో రోజున మా మేనకోడలికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు అన్న పేరు పెట్టారు. ఉత్తర ధ్రువం దాపున ఉన్న మా మంచు ఊళ్ళలో పేరు ఒక్కటే రాదు, దానితో మనిషి కూడా వస్తాడు. కనుక నాకంటే ముప్పై ఏడేళ్ళు చిన్నదైన ఆ పిల్లను నేను "అన్నా" అంటాను. ఆమె నన్ను "ఒరేయ్ జోపీ" అంటుంది. మా వదిన ఆర్నాక్ అయితే ఆ పిల్ల తల్లి వీపు సంచిలో కళ్ళు తెరిచిన రోజు నుంచే "ఏమయ్యా" అని పిలిచింది. మొగుణ్ణి మరి ఇంకేమని పిలుస్తుంది?

బడి కాగితాల్లో ఆమెకు లీటియా అని ఇంకో పేరు ఉంది. ఆ పేరుతో పిలిస్తే అలవాటు లేక పలకదు.

మీలో ఎవరికీ మంచుబండి, అంటే మంచు మీద పరిగెత్తే మోటారు బండి, లేదు గనుక ఈ సంగతి చెబుతున్నాను. మా ఊళ్ళో వాళ్ళకైతే చచ్చినా చెప్పను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

మంచుబండి ఇంజన్ పక్కన భోజనం పళ్ళెమంత క్లచ్ ఒకటి ఉంటుంది. బెల్టు దాని మీదే తిరుగుతుంది. ఆ క్లచ్‌కి మేకులూ పిన్నులూ ఏమీ ఉండవు. కొసకి సన్నబడిన ఇరుసు మీద టోపీలా దిగి బిగుసుకుని కూర్చుంటుంది, నడుమ ఒక బోల్టు. దాన్ని తీయాలంటే ఆ బోల్టు విప్పి, దాని చోట పుల్లర్ అనే పొడుగాటి ఉక్కు బోల్టు బిగించాలి. పుల్లర్ మరలు క్లచ్‌ను పట్టుకుంటాయి, దాని ముక్కు ఇరుసును నెడుతుంది, క్లచ్ ఊడి చేతిలోకి వస్తుంది. రావాలి. కొన్ని రావు. చలికి, ఉప్పుగాలికి, పాతబడ్డ కోపానికి అవి ఉడుంపట్టు పట్టేస్తాయి.

పాత ఇక్కుమాకి రాని క్లచ్ అంటూ ఉండేది కాదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ నుంచి బళ్ళు తెచ్చేవారు. ఆయన బండిని ఇంటి ముందరి కొట్టంలోకి తోయించి, అందరినీ బయటికి పొమ్మని తలుపు వేసుకునేవాడు. లోపల టీ కాయడానికి మా వదిన మాత్రం ఉండేది. అరగంటకి తలుపు తెరుచుకునేది, ఆయన చేతిలో క్లచ్ ఉండేది. "ఎలా తీశావు అన్నా?" అంటే నవ్వి ఊరుకునేవాడు. ఆయన క్లచ్‌తో మాట్లాడతాడని ఊళ్ళో సగం మంది నమ్మారు. నేనూ నమ్మాను.

కొత్త ఇక్కుమాకి ఆరేళ్ళు వచ్చేసరికి ఆ పుల్లర్ ఆమె చేతిలో పెట్టారు. బొమ్మలతో ఆడుకోవాల్సిన పిల్ల. తొమ్మిదో ఏడు వచ్చేసరికి గుమ్మం ముందు బళ్ళు బారులు తీరాయి. క్లచ్ వస్తే "ఆ చేతులు ఎక్కడికి పోతాయి!" అనేవారు. రాకపోతే "ఇవాళ ఆయన మనసు బాగోలేదు, రేపు రండి" అనుకుంటూ పోయేవారు. అంతేగాని ఈ పిల్లకు చేతకాదేమో అని ఒక్కడికీ తోచలేదు. పదిహేనో ఏట మంటతో క్లచ్ కాలుస్తూ ఒక కనుబొమ కాల్చుకుంది. అది ఇప్పటికీ సగమే ఉంటుంది.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఊళ్ళో చంటిపిల్లల్ని చూసుకునే బడి ఉంది, ఆకుపచ్చ తలుపుది. అక్కడ పని కావాలి. వెచ్చటి గది, పిల్లల పాటలు, శుభ్రమైన చేతులు. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నవ్వారు. "ఇక్కుమా ముక్కులు తుడుస్తాడట!" అని పగలబడి నవ్వారు. మూడోసారి, ఇప్పటికి మూడేళ్ళ క్రితం, సరేనన్నారు. మే నెల మూడో సోమవారం పొద్దున ఎనిమిదింటికి రావాలి, రాకపోతే పని జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఆ కాగితం ఆమె మడత పెట్టి లోపలి జేబులో దాచుకుంది. నెల రోజుల పాటు గోళ్ళు ఇసుకతో, సబ్బుతో తోముకుంది. ఇరవై ఏళ్ళ మసి, ఊరికే పోతుందా?

అంతా బాగానే ఉంది. కానీ ఆ సోమవారానికి ముందు వారం మా వదిన ఒక మాట అంది.

"మంచు మెత్తబడక ముందు చెరువుకి పోయొద్దామయ్యా. నీతో చేపలు పట్టి ఎన్నేళ్ళయిందో. మళ్ళీ ఏడాదికి ఉంటానో ఊడతానో."

డెబ్భై ఎనిమిదేళ్ళ పెళ్ళాం అలా అడిగితే ఏ మొగుడు కాదంటాడు? మంగళవారం బయలుదేరి గురువారం వచ్చేయాలని అనుకున్నాం. బండి నాది. నా బండికీ, మా అన్న పోయినప్పటి నుంచి చెరువు గుడిసె వెనక పడి ఉన్న ఆయన బండికీ ఒకే వయసు. రెండూ ఒకే ఓడలో దిగాయి. అందరూ పాత బళ్ళు పారేసి కొత్తవి కొన్నారు. నేను పారేయలేదు. పిసినారినని అంటారు. అననీ.

బుధవారం గాలి మొదలైంది. శుక్రవారం పొద్దున దాకా గుడిసె తలుపు తీయలేదు. గుడిసె అంటే పొడుగునా నాలుగు అంగలు వేస్తే గోడ, అడ్డంగా మూడు అంగలు వేస్తే ఇంకో గోడ, ఒక పొయ్యి, ఒక కిటికీ. ఆ నెలలో పొద్దు కుంకదు గనుక ఎప్పుడు పడుకోవాలో తెలియదు, ఎప్పుడు లేవాలో తెలియదు. ముగ్గురం ఒకరి ఊపిరి ఒకరం పీలుస్తూ కూర్చున్నాం. వదిన మాత్రం హాయిగా తోలుజోడు కుట్టుకుంటూ, "ఎంత బావుందో! కొత్తగా పెళ్ళయినప్పుడు ఇలాగే చిక్కుకున్నాం, గుర్తుందా ఏమయ్యా?" అంటూ మురిసిపోయింది. మా అన్న కిటికీ దగ్గర నిలబడి జేబు తడుముకుంది.

శుక్రవారం గాలి తగ్గింది. సామాను వెనక లాగే బల్లబండికి కట్టాం. నేను ఇంజన్ లాగి, పీట మీద కూర్చుని, యాక్సిలరేటరు గట్టిగా నొక్కాను. లోపల ఏదో పెటిల్లుమంది. క్లచ్ స్ప్రింగు విరిగి ముక్కలు లోపల ఇరుక్కున్నాయి. ఇక అది తెరుచుకోదు, మూసుకోదు. బండి అంగుళం కదలదు.

నిజానికి కంగారు పడాల్సినంత కష్టం కాదు. వెనక అన్న పాత బండి ఉంది, దానికి మంచి క్లచ్ ఉంది. అది తీసి దీనికి వేస్తే చాలు. ఇక్కుమా పనిముట్ల పెట్టె లేకుండా ఎక్కడికీ రాదు, రానివ్వరు. రెండు జతల చేతి తొడుగులు వేసుకుంది, గోళ్ళు మాయకుండా. పాత బండి మంచులోంచి తవ్వి, పుల్లర్ బిగించి, రెండు పట్లు పట్టి, సుత్తితో ఒక్కటి వేసింది. టంగుమని ఊడి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ తర్వాత!

"చూశావా! వేసిన చేతులే తీశాయి!" అని వదిన చప్పట్లు కొట్టింది.

ఇక్కుమా ఆ క్లచ్ పక్కన పెట్టింది. నా బండి దగ్గరికి వచ్చింది. బెల్టు తీసింది. ఇంజన్ తిరగకుండా ప్లగ్ విప్పి ఆ రంధ్రంలోంచి తాడు కూరింది. పుల్లర్ బిగించింది. బిగించింది. ఇంకా బిగించింది. పానాకి ఇనుప గొట్టం తొడిగి నేనూ ఆమే వేలాడాం. పుల్లర్ తల మీద సుత్తి వేసింది. క్లచ్ కదల్లేదు.

అది ఎందుకు కదలదో నాకు తెలుసు.

కిందటి శరత్కాలంలో ఆమె జ్వరంతో పడుకున్నప్పుడు ఈ క్లచ్ నేనే బిగించాను. మా దగ్గర తుపాకీ, కత్తి, సూది, దేనికైనా కొవ్వు పూయనిదే పక్కన పెట్టం. ఉప్పుగాలి దేన్నీ వదలదు కదా. ఆ అలవాటు కొద్దీ ఇరుసు కొసకి ఇంత గ్రీజు పులిమి, బోల్టు మీద గొట్టం వేసి, గొట్టం మీద నేనెక్కి నిలబడి బిగించాను. ఆ కొస పొడిగా ఉండాలి. గుడ్డతో తళతళలాడేలా తుడవాలి. గ్రీజు రాస్తే క్లచ్ జారి జారి తన హద్దు దాటి లోపలికి దిగిపోతుంది, ఇక ఆ పట్టు వదలదు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. నా చిన్నప్పుడు పాత ఇక్కుమా నాకు ఇదే తప్పుకి మొట్టికాయ వేశాడు కూడా. మళ్ళీ అదే చేశాను. ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

శుక్రవారం సాయంత్రం, శనివారం పగలంతా అదే పని. మరిగే నీళ్ళు పోశాం. చిన్న పొయ్యి తెచ్చి దాని మంటతో క్లచ్ నడిమి కాల్చి, వేడి మీద బిగించి కొట్టాం. పుల్లర్ బిగించినంత బిగించి, తనంతట తనే వదులుతుందేమోనని వదిలేసి టీ తాగాం. ఇలా వదిలేసిన క్లచ్ ఒక్కోసారి మనం ముద్ద నోట్లో పెట్టుకునే వేళకి టప్పున ఊడుతుంది. ఆ చప్పుడు కోసం ముగ్గురం చెవులు రిక్కించి కూర్చున్నాం. పొయ్యి చిటపటలు తప్ప ఏమీ వినిపించలేదు.

ఆ సాయంత్రం ఆరింటికి రేడియో వేళ. మీట నొక్కి మాట్లాడితే ఊళ్ళో ఇంటింటికీ వినిపించే రేడియో అది.

"ఇంకా రాలేదేంటి మీరు?" అన్నాడు మోసెసీ. వాడు పాత బళ్ళ డ్రైవరు, మా అందరికంటే పెద్ద నోరు.

"క్లచ్ ఊడట్లేదు," అన్నాను. "ఎవరినైనా పంపండి. అన్నకి సోమవారం పని ఉంది."

అటు నుంచి నవ్వులు. ఒక ఇంట్లోంచి కాదు, పది ఇళ్ళలోంచి.

"ఇక్కుమా నీ పక్కనే ఉంటే ఇంకెవరిని పంపాల్రా? బావిలో కూర్చుని దాహం అన్నట్టుంది!"

"మంటతో కాల్చి చూడండి," అని ఒక ఆడగొంతు.

"కాల్చొద్దు, మంచు పెట్టండి!" అని ఇంకొకరు.

"పుల్లర్ నూనెలో ముంచి బిగించండి."

"బండిని కొండ మీంచి తోసేయండి, ఊడి పడుతుంది!"

నవ్వులు ఆగాక మోసెసీ అడిగాడు. "ఒరేయ్ జోపీ, ఇరుసుకి గ్రీజు గాని రాశార్రా ఎవడైనా?"

"ఛ, ఎవడు రాస్తాడు!" అన్నాను. అంత తొందరగా నేనెప్పుడూ ఏ ప్రశ్నకీ జవాబు చెప్పలేదు. వదిన కుట్టు ఆపి, కళ్ళద్దాల మీంచి నన్నొకసారి చూసి, మళ్ళీ కుట్టుకుంది.

"అయితే ఆయనకి మనసు బాగోలేదు. మంగళవారం దాకా చూసి, రాకపోతే మేమే వస్తాంలే. తిండి ఉందిగా?"

తిండి ఉంది. అదే మా ఖర్మ. తిండి లేకపోతే వచ్చేవారు. ఇక్కుమా మా దగ్గర లేకపోయినా వచ్చేవారు. ఆ పేరు మాతో ఉండబట్టే ఎవరూ రాలేదు.

ఆ పిల్ల రేడియో వైపు చూస్తూ అలాగే కూర్చుంది. ఆమె చిక్కు నాకప్పుడు అర్థమైంది. క్లచ్ ఊడకపోతే సోమవారం పోతుంది, మళ్ళీ ఆ పనిముట్ల పెట్టే గతి. ఊడితే "చూశారా, ఇక్కుమా చేతులు!" అంటారు, అప్పుడూ ఆ పెట్టే గతి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. గోతిలో దించింది నేను. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. అరవై ఏళ్ళు దాటినవాణ్ణి, ఇరవై ఆరేళ్ళ పిల్ల మొట్టికాయకి భయపడ్డాను. నవ్వితే నవ్వండి.

"సోమవారం నుంచి ఈ పెట్టె నీకిచ్చేస్తాను జోపీ," అంది.

"నాకెందుకన్నా? నా చేతులు నీ చేతులా?"

"నా చేతులు నావి. ఆయనవి కావు."

వదిన దారం కొరికింది. "అలా అనకూడదయ్యా," అంది నెమ్మదిగా. "నువ్వంటే ఆయనే."

ఆదివారం పొద్దున ఇక్కుమా తొడుగులు తీసేసింది. నెల రోజులు తోమిన గోళ్ళతో, ఒట్టి చేతులతో పానా పట్టుకుంది. గొట్టం వేసి, కాలు బండికి తన్నిపెట్టి, ఒళ్ళంతా వేసి లాగింది. పుల్లర్ కిర్రుమంది. క్లచ్ కాదు, పుల్లర్. ఇంకొక్క పట్టు పడితే అది విరిగి ముక్క లోపలే ఉండిపోతుంది. ఆమె ఆగింది. గొట్టం మంచులోకి విసిరేసింది. గుడిసెలోకి వచ్చి మా వదిన ఎదురుగా నిలబడింది.

"ఆర్నాక్!" అంది.

పుట్టాక ఎన్నడూ ఆమె వదినని పేరు పెట్టి పిలవలేదు. "ఏమే" అనేది. మొగుడు పెళ్ళాన్ని పిలిచినట్టే పిలిచేది.

"ఆర్నాక్, నేను నీ మొగుణ్ణి కాదు. నాకు క్లచ్ తీయడం రాదు. ఎప్పుడూ రాలేదు. వచ్చినవి వాటంతట అవే వచ్చాయి. రానివాటిని చూసి ఇరవై ఏళ్ళుగా ఏడుస్తున్నాను, ఎవరికీ కనపడకుండా. నాకు రేపు ఎనిమిదింటికి అక్కడ ఉండాలి. నన్ను వదిలెయ్యి."

అని కింద కూర్చుని ఏడ్చింది. వెక్కి వెక్కి, ముక్కు కారుతుండగా, చిన్నపిల్లలా ఏడ్చింది. నేనూ ఆగలేకపోయాను.

"అన్నా, గ్రీజు నేనే రాశాను," అన్నాను.

"తెలుసు," అంది వదిన. ఆమె నాతోనే అంది. "ఆ రోజు కిటికీలోంచి చూశాను. నువ్వెప్పుడు చెబుతావోనని మూడు రోజులుగా చూస్తున్నాను, సన్నాసీ."

ఇక్కుమా తలెత్తి నన్ను చూసింది. మొట్టికాయ వేయలేదు. వేసి ఉంటే బావుండేది.

వదిన తన చేతుల వంక చూసుకుంది. కీళ్ళు వాచి, వేళ్ళు వంకర తిరిగి, చూపుడు వేలి కొన సూదిపోట్లతో గరుకుగా ఉంటుంది. తర్వాత మూటలోంచి కారిబూ దుప్పి కొవ్వు తీసింది. ఎండుమాంసంలో నంజుకోవడానికి తెచ్చిన ముద్ద అది. పొయ్యి దగ్గర కూర్చుని పేరిన నెయ్యంత మెత్తగా పిసకడం మొదలుపెట్టింది.

"బండిని పక్కకి పడుకోబెట్టండి. క్లచ్ ఆకాశం చూడాలి," అంది.

"ఎందుకొదినా?"

"చెప్పింది చెయ్యరా."

ట్యాంకులో చమురు డబ్బాలోకి వంపేసి బండిని పక్కకి పడేశాం. వదిన మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, పుల్లర్ తీయించి, క్లచ్ నడిమి రంధ్రంలో ఆ కొవ్వు చూపుడు వేలితో కూరింది. కొంచెం కొంచెంగా, గాలి బుడగ మిగలకుండా. నిండాక పుల్లర్ చేతిలోకి తీసుకుంది. కుట్టుసంచిలోంచి వెన్నునరం దారం తీసి నోట్లో తడిపి పుల్లర్ మరల మధ్య సందుల్లో చుట్టింది. మేము తోలుజోళ్ళకి వాడే దారం అది. తడిస్తే ఉబ్బుతుంది, కుట్టు రంధ్రం మూసుకుపోతుంది, నీళ్ళలో నిలబడ్డా కాలు తడవదు. ఊళ్ళో మా వదిన కుట్టిన జోడు కారిందని ఎవరూ అనలేదు.

"కొవ్వుని నొక్కితే నలగదు," అంది, మాకు కాదు, ఆ దారానికి చెబుతున్నట్టు. "పోయే దారి వెతుక్కుంటుంది. పక్కల దారి నేను కుట్టేశాను. ఇక క్లచ్‌ని నెట్టడం తప్ప దానికి దారి లేదు. తిప్పు."

ఇక్కుమా గొట్టం లేకుండా ఉత్త పానాతో తిప్పింది. తిప్పి, విప్పి, వదిన ఇంకాస్త కొవ్వు కూరాక మళ్ళీ తిప్పింది. మూడోసారి పానా బిగిసింది. ఇంకో అర చుట్టు తిప్పింది.

ఠప్పుమంది! క్లచ్ ఎగిరి మంచులో పడి, దొర్లి, నా కాలి దగ్గర ఆగింది.

ఇక్కుమా ఆ క్లచ్‌ని చూసింది, వదిన వేళ్ళకు అంటిన కొవ్వుని చూసింది.

"నువ్వే," అంది. "తలుపు వేసుకుని... అన్నీ నువ్వే తీశావు."

"ఆయన పానా తిప్పేవాడు," అంది వదిన. "బలం ఆయనది. మొదటి ఏడాది ఆయన కొట్టంలో కూర్చుని తిడుతుంటే చూడలేక నేనే కుట్టిచ్చాను. మీరందరూ 'ఇక్కుమా చేతులు, ఇక్కుమా చేతులు' అంటూ వచ్చేవారు. ఆయన ముఖం వెలిగిపోయేది. ఆ ముఖం చూస్తే నాకింక చెప్పాలనిపించేది కాదు."

"నాకు చెప్పొచ్చుగా? ఇరవై ఏళ్ళు!"

"చెబితే నువ్వు ఆయన కాకుండా పోతావు," అంది వదిన. తర్వాత నిజం ఇంకాస్త చెప్పింది. "ఈ మూడు రోజులూ కూడా అందుకే ఊరుకున్నాను. సోమవారం దాటితే పెట్టె వదలవు కదా అనుకున్నాను. తప్పే."

నేను ఇరుసు తుడిచాను. ఎన్నడూ ఏదీ అంత శుభ్రంగా తుడవలేదు. ఇక్కుమా ఆ పాత బండి క్లచ్ దానికి పొడిగా బిగించింది. ఇంజన్ వెచ్చబడుతుండగా మధ్యాహ్నం రేడియో వేళ అయింది.

"నువ్వు చెప్పు," అంది ఇక్కుమా వదినతో. "నేను చెబితే నమ్మరు. ఒక్క మాట. క్లచ్ తీసింది నువ్వేనని చెప్పు. అంతే, నేను బతికిపోతాను."

"చెబుతాలే," అంది వదిన.

రేడియో మీట నొక్కింది. "బయలుదేరుతున్నాం," అంది. "క్లచ్ ఊడింది."

"ఎవరు తీశారు?" అన్నాడు మోసెసీ. ఊరంతా వింటోంది. వాళ్ళ పొయ్యిల మీద టీ మరగడం కూడా మాకు వినిపిస్తోంది.

వదిన పెదవులు కదిలాయి. ఒకసారి ఇక్కుమాని చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తే. ఓడ కదిలాక ఒడ్డున మనిషిని చూసినట్టు చూసింది.

"ఇంకెవరు? మా ఆయనే," అంది.

అటు నుంచి కేకలు, ఈలలు. ఇక్కుమా గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. వదిన మీట వదిలి రేడియో నా ముందు పెట్టింది. నేను ఆ మీట నొక్కి నిజం చెప్పి ఉండొచ్చు. చేతికందే దూరంలో ఉంది. కానీ నాకూ పాత బండి ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలావిడ ఇంకెన్నాళ్ళు కొవ్వు కూరుతుంది? ఆ లెక్క ఆ క్షణంలోనే వేసుకున్నాను, సిగ్గు లేకుండా. రేడియో కట్టేశాను.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఐదు నిమిషాల ముందే ఇక్కుమా ఆకుపచ్చ తలుపు దగ్గర ఉంది, నల్లటి గోళ్ళతో. చంటిపిల్లలకి గోళ్ళ సంగతి పట్టదు. పని దొరికింది. అయితే నాలుగింటికి బడి మూసే వేళకి వెనక వైపు రెండు బళ్ళు నిలబడి ఉన్నాయి, మరుసటి రోజు నాలుగు. ఇప్పుడు రహస్యం తెలుసు గనుక ఒక్క క్లచ్ కూడా రాకుండా పోవడం లేదు. ఆమె పేరు మునుపటి కంటే గట్టిగా మోగింది. రహస్యం తెలిశాక ఆ పెట్టె ఇంకా బరువెక్కింది, పాపం.

వదినతో మాత్రం ఆమె ఆరు నెలలు మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు చేప పులుసు తీసుకుపోయి గుమ్మంలో నిలబడి "ఏమే," అంది. వదిన ఆ గిన్నె పట్టుకుని చాలాసేపు ఏడ్చిందట.

వదిన కిందటి చలికాలంలో పోయింది. నిద్రలోనే. నెల తిరక్కుండా మా వీధి చివరింట్లో ఆడపిల్ల పుట్టింది. ఆర్నాక్ అని పేరు పెట్టారు.

మొన్న నా బండి మళ్ళీ మొరాయిస్తే బడి దగ్గరికి తీసుకుపోయాను. ఇక్కుమా ఆ పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని ముద్ద తినిపిస్తోంది. "ఏమే, నోరు తెరువు," అంటోంది.

"అన్నా," అన్నాను. "వదిన పోయిందిగా. ఇక చెప్పేయరాదూ? ఆ చేతులు ఎవరివో ఊరికి చెప్పేయ్. నీకు ఈ చెర వదులుతుంది. కావాలంటే నేనూ సాక్ష్యం చెబుతాను."

నిజంగానే చెబుదామనుకున్నాను. అరవై ఆరేళ్ళకి కాస్త సిగ్గు వచ్చింది.

ఒళ్ళో పిల్ల ఇక్కుమా చూపుడు వేలు, నల్లటి గోరున్నది, పిడికిట బిగించి పట్టుకుంది. ఇక్కుమా ఆ పిడికిలిని మెల్లగా విప్పి, వేళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూసింది. బియ్యపు గింజంత గోళ్ళు, శుభ్రంగా ఉన్నాయి.

"ఆర్నాక్ చేతులని చెబితే," అంది, "ఆరేళ్ళొచ్చేసరికి దీని చేతిలో పుల్లర్ పెడతారు."

ఆమె ఆ పిడికిలిని మళ్ళీ మూసి, పిల్ల మూతి తుడిచింది.

"బండి వెనక వైపు పెట్టు జోపీ. నాలుగింటికి వస్తాను."